సగం గుండుతో కొండ దిగిన రోజు

మా సెంటరులో కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లలకు నేను చెప్పే మొదటి మాట ఒకటుంది. మీ జుట్టు మీద ఆశ వదులుకోండి అంటాను. మేము చూసే పిల్లలు జుట్టు పీకేస్తారేమోనని వాళ్ళు బెదిరిపోతారు. అసలు కారణం అది కాదు. ఆ కారణం చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నరసరావుపేట బస్టాండు వెనక సందులో కింద మందుల కొట్టు, పైన మేము. ఆటిజం ఉన్న పిల్లలు మాచర్ల నుంచి, గురజాల నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి తల్లుల చెయ్యి పట్టుకుని ఆ మెట్లెక్కి వచ్చేవాళ్ళు. ఒక బిడ్డకు మాట రాదు, ఒకరికి కుక్కర్ విజిల్ వినపడితే ప్రాణం పోతుంది, ఒకడికి తెల్ల అన్నం తప్ప ఏదీ సయించదు. ఇంత రకరకాల పిల్లలను ఒక్క మనిషి చూడలేడు కాబట్టి మేము ఐదుగురం ఉండేవాళ్ళం. పిల్లల డాక్టరమ్మ మా అందరికీ పెద్ద. మాటలు నేర్పడానికి శిరీష. ఒళ్ళు, చేతులు, స్పర్శ, సమతూకం ఇవన్నీ చూసే ఆక్యుపేషనల్ థెరపిస్టు ఖాసిం. ఖాసిం వాళ్ళ నాన్న స్కూటర్ల మెకానిక్కు. "మా నాయన బోల్టులు బిగిస్తాడు, నేను పిల్లల చేతులు వదులు చేస్తా" అనేవాడు. వారానికోసారి గుంటూరు నుంచి సైకాలజిస్టు వచ్చేవారు. చదువు చెప్పేది నేను. అందరికీ టీచరమ్మను. పోయిన ఏడు రిటైరయ్యాను.

ఎన్ని సర్టిఫికెట్లు వచ్చాయో, ఎన్ని రిజిస్టర్లు నింపానో రాయను. నాకే గుర్తులేదు, మీకెందుకు? ఈ పిల్లలను దేవుడి బిడ్డలు అని చేతులు జోడించేవాళ్ళను చూస్తే మాత్రం నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. జాలిపడి చేరినవాళ్ళు మూడు నెలల్లో వెళ్ళిపోవడం కళ్ళారా చూశాను. పిల్లలను చూస్తే నవ్వొచ్చేవాళ్ళు మాత్రం నిలబడతారు. నాకు నవ్వొచ్చేది. ఒకడు నా చెప్పులను రోజూ కిటికీ దిక్కుకు తిప్పి పెట్టేవాడు. ఇంటికెళ్ళేటప్పుడు నేనే ఆ దిక్కుకు తిరిగి వేసుకునేదాన్ని.

నీళ్ళు ఇవ్వాలా, వద్దా

రొంపిచర్ల వైపు పల్లె నుంచి నాగమణి అనే అమ్మాయి వచ్చేది. మిరప చేలో పనికి పోయే మనిషి. కొడుకు పేరు మణికంఠ, వాడికి ఆరేళ్ళు. అందరం మణి అనేవాళ్ళం. మాట లేదు. నీళ్ళంటే పిచ్చి. ఎక్కడ కుళాయి ఉన్నా వెళ్ళి కింద చెయ్యి పెట్టి నిలబడి, ధారను చూస్తూ మెల్లగా నవ్వేవాడు. నడుం దాకా జడ. మొదటిరోజు మేమంతా ఆడపిల్ల అనుకున్నాం.

నాగమణి రెండు బస్సులు మారి వచ్చేది. మేము ఐదుగురం ఐదు గదుల్లో కూర్చుని ఆమెకు ఐదు రకాల హోంవర్కు ఇచ్చేవాళ్ళం. ఎవరి గోల వారిది. నేను ఇచ్చింది రోజుకు అరగంట బల్ల ముందు కూర్చోబెట్టి బొమ్మల కార్డులు చూపించడం. మిగతావాళ్ళు ఏమిచ్చారో నేనెప్పుడూ అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

ఒకరోజు ఆ అమ్మాయి వరండాలో నిలబడి, నోటు పుస్తకం తెరిచి, గట్టిగా చదవడం మొదలుపెట్టింది. ఏ గదిలో వాళ్ళం ఆ గదిలోంచి బయటికి వచ్చాం.

"శిరీషమ్మ పిల్లోడు నోటితో అడిగిందాకా నీళ్ళు ఇయ్యొద్దంది. ఖాసిం సారు అరగంటకోసారి స్ట్రా ఏసి నీళ్ళు తాపమన్నాడు. టీచరమ్మ బల్లకాడ నించి లెగవనీయొద్దంది. గుంటూరాయన లెగిస్తే లాగొద్దన్నాడు. డాక్టరమ్మ తొమ్మిదింటికల్లా పడుకోబెట్టమంది. ఇయన్నీ జేసి నేను తొమ్మిదింటికి అన్నం వండటం మొదలుపెట్టాల. నీళ్ళు ఇయ్యాల్నా, వొద్దా? ముందు అది చెప్పండి. ఆడు చెంబు పట్టుకుని నా మొహం జూస్తన్నాడు."

ఇంత చదువుకున్నవాళ్ళం ఐదుగురం, దాహం వేసిన పిల్లవాడికి నీళ్ళివ్వాలో వద్దో తేల్చలేకపోయాం. తిలా పాపం తలా పిడికెడు అంటారే, అట్లా అయింది మా పని. చివరికి ఖాసిం వెళ్ళి మణి చెంబు నిండా నీళ్ళు పోసి ఇచ్చాడు.

చాప

మా డాక్టరమ్మకు కోపం వస్తే గొంతు తగ్గుతుంది. ఆ మధ్యాహ్నం గొంతు బాగా తగ్గింది. బల్లలన్నీ పక్కకు జరిపించి హాలు మధ్యలో పెద్ద ఈతచాప వేయించింది. ఇకమీదట ప్రతి శనివారం అందరం ఆ చాప మీదే కూర్చోవాలి. బిడ్డ కూడా అక్కడే ఉంటాడు. మొదట తల్లి మాట్లాడాలి. తల్లి ముగించిందాకా ఇంకొకరు నోరు తెరవకూడదు. హోంవర్కు ఏదైనా ఒక్కటే ఇవ్వాలి, అది తల్లి ఒప్పుకున్నదై ఉండాలి.

నేను చాలామంది పెద్దల కింద పనిచేశాను. మంచివాళ్ళూ ఉన్నారు, మాటల మనుషులూ ఉన్నారు. తన కింద వాళ్ళను నేలమీద కూర్చోబెట్టి, తానూ మోకాళ్ళ నొప్పితో మూలుగుతూ కూర్చున్న మనిషి ఈమె ఒక్కతే. గుంటూరు సైకాలజిస్టుకు మొదటి శనివారం ప్యాంటు నలిగిపోతుందని బాధ. మూడో శనివారానికి లుంగీ తెచ్చుకున్నారు.

మొదటి శనివారం డాక్టరమ్మ నాగమణిని అడిగింది. "మణికి అన్నిటికంటే ముందు ఏం రావాలని ఉంది నీకు?"

మేమంతా మాట అంటుందనుకున్నాం. అమ్మా అని పిలిపించుకోవాలని అడగని తల్లి ఉండదు. నాగమణి వాడి జడ వైపు చూసింది.

"ఆడి పుట్టు వెంట్రుకలు తియ్యాల" అంది.

బిడ్డ పుడితే కోటప్పకొండ మీద త్రికోటేశ్వరస్వామికి తలనీలాలు ఇస్తామని వాళ్ళ అత్త పున్నమ్మ మొక్కుకుంది. ఏడాదికి తీయబోతే పిల్లవాడు నీలంగా మారిపోయేటట్టు ఏడ్చాడు. మూడో ఏడూ అంతే, ఐదో ఏడూ అంతే. మా వైపు బేసి సంవత్సరంలోనే తీస్తారు. ఇక ఏడో ఏడు వస్తోంది. కొండ మీద తీసేదాకా ఇంట్లో కత్తెర తగలకూడదు. మెలకువగా ఉంటే దువ్వెన కూడా తగలనివ్వడు. వాడు నిద్రపోయాక నాగమణి చిక్కులు తీసి జడ వేస్తుంది. ఎండాకాలం ఆ జుట్టు కింద సెగ్గడ్డలు లేస్తాయి. వాటికి మందు రాయాలన్నా వాడు పడుకోవాలి. బడిలో చేర్చబోతే, ఆడపిల్లల వరసలో నిలబెట్టాలా మగపిల్లల వరసలోనా అని నవ్వారట.

"ఊళ్ళో అందరూ, మొక్కు తీర్చక స్వామికి కోపమొచ్చి పిల్లోడికి మాట రాలేదంటన్నారు. మా అత్త అది నమ్మింది. నేను నమ్మను. కానీ ఆమె రోజూ ఏడుస్తది" అంది నాగమణి.

నాకు లోపల ఒక మాట మెదిలింది. ఇది మన పనేనా? మనం పెట్టుకోవాల్సిన లక్ష్యాలు వేరే ఉన్నాయి కదా? పైకి అనలేదు. అని ఉంటే బాగుండేది. డాక్టరమ్మ అక్కడే నాకు బుద్ధి చెప్పేది, ఆ తరవాత జరిగింది జరగకుండా ఉండేది.

రెండు నిమిషాల టీచరమ్మ

మా పల్నాడులో పుట్టు వెంట్రుకలు తీసేటప్పుడు ఏడవని బిడ్డ లేడు. నా పిల్లలూ ఏడ్చారు. మేనమామ గట్టిగా పట్టుకుంటాడు, బిడ్డ ఏడుస్తాడు, చుట్టూ అందరూ నవ్వుతారు, గుండుకు గంధం పూస్తారు, సాయంత్రానికి బిడ్డ మరిచిపోతాడు. మన దగ్గర అది పండగలో భాగం. అన్నేళ్ళు చదివిన చదువంతా ఆ పండగ ముందు నా బుర్రలోంచి ఎగిరిపోయింది.

ఆ రోజు నాగమణి బస్సుకు బయలుదేరుతుంటే మెట్ల దగ్గర నేనే అన్నాను. "నలుగురు గట్టిగా పట్టుకుంటే రెండు నిమిషాల పని అమ్మాయ్. ఏడిస్తే ఏడవనీ. ఊరికే ఇంతకాలం భయపడ్డారు." చాప మీద చెప్పలేదు, అందరి ముందూ చెప్పలేదు, పోతూ పోతూ మెట్ల మీద చెప్పాను.

పది రోజుల తరవాత ఒక పెద్దావిడ మెట్లెక్కి వచ్చింది. పున్నమ్మ. తెల్ల చీర, చేతిలో సంచి, నుదుటి మీద చెమట. హాలులో నిలబడి చుట్టూ చూసింది.

"ఎవరే ఇక్కడ ఆ రెండు నిమిషాల టీచరమ్మ?"

నేనే అన్నాను. ఆమె నన్ను పైనించి కిందికి చూసింది.

"నువ్వు చెప్పావని కొండకు తీసుకుపోయాం. నలుగురు పట్టుకున్నారు. వాళ్ళ మేనమామ చెయ్యి కొరికాడు. కత్తి దగ్గరకు రాకముందే ఊపిరాడక కళ్ళు తేలేశాడు. ఆ క్షవరం చేసేటాయన కత్తి కింద పెట్టేసి, ఇట్టా పట్టుకుంటే నేను చెయ్యనమ్మా, పిల్లోడికి తగులుద్ది, తీసుకుపోండి అన్నాడు. ఇప్పుడు ఆడు వాళ్ళమ్మని కూడా తల ముట్టుకోనియ్యడు. నిద్దట్లో కూడా చెయ్యి తగిల్తే లేచి కూర్చుంటన్నాడు. నా మొక్కు పోతే పోయింది. పిల్లోణ్ణి పాడుజేశావు గదమ్మే."

ఒక్క మాట కూడా ఎక్కువ అనలేదు. అన్నదంతా నిజం. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. వెనక నాగమణి మణిని ఎత్తుకుని నిలబడి ఉంది. వాడు నన్ను చూసి తల్లి భుజంలో మొహం దాచుకున్నాడు. అంతకు ముందు నా బల్ల దగ్గరికి పరుగెత్తుకుంటూ వచ్చేవాడు.

డాక్టరమ్మ నన్ను గదిలోకి పిలవలేదు. "చాప మీద కూర్చోండి" అంది. అందరినీ పిలిచి కూర్చోబెట్టింది. "మెట్ల మీద చెప్పింది ఇక్కడ చెప్పండి. తరవాత తప్పయిందని చెప్పండి." చెప్పాను. జీవితంలో నేను మాట్లాడిన వాటిలో అంత కష్టమైన రెండు వాక్యాలు లేవు. ఈ పనిలోకి వచ్చే పిల్లలారా, తప్పులు అందరూ చేస్తారు. చేసిన చోటే, విన్న మనుషుల ముందే ఒప్పుకోవడం త్వరగా నేర్చుకోండి. ఆలస్యమయ్యేకొద్దీ అది గొంతులో పెరుగుతుంది.

కోటయ్య

ఆ రాత్రి పడుకుంటే పున్నమ్మ చెప్పిన ఒక్క ముక్క మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చింది. ఆయన కత్తి కింద పెట్టేశాడు. మాలో ఎవరికీ తోచనిది ఆయనకు తోచింది. మర్నాడు ఖాసింను వెంటబెట్టుకుని కొండకు వెళ్ళాను. తలనీలాలు తీసే కల్యాణకట్ట దగ్గర, మణి వచ్చిన రోజు వంతులో ఉన్నది ఎవరని వాకబు చేస్తే కోటయ్య అని తెలిసింది. అరవై దాటిన మనిషి. తెల్లటి మీసం, చేతులు మాత్రం కుర్రవాడివి.

సంగతి చెప్పాను. నాది తప్పని కూడా చెప్పాను. ఆయన నవ్వాడు.

"పిల్లోళ్ళ ఏడుపులు రెండు రకాలమ్మా. ఒకటి అల్లరి ఏడుపు, దాంట్లో కోపం ఉంటది. ఇంకోటి ప్రాణభయం. దానికి చప్పుడు రాదు. ఆ పిల్లోడికి చప్పుడు రాలా. నేను కత్తి పెట్టేశా."

మేము ఐదుగురం కలిసి రాయగలిగిన రిపోర్టు కంటే అది మంచి రిపోర్టు. శనివారాలు మా చాప మీదికి వస్తారా అని అడిగాను. వచ్చాడు. కత్తుల పెట్టె చంకన పెట్టుకుని, గడప దగ్గర చెప్పులు విడిచి, ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డాడు. డాక్టరమ్మ జరిగి తన పక్కన చోటిచ్చింది. ఆ రోజు నుంచి మా బృందం ఆరుగురు.

పున్నమ్మ కూడా వచ్చింది. ఇక్కడ ఏం జరుగుతుందో కళ్ళారా చూడాలని. ఆమె ఒక్కటే షరతు పెట్టింది. "కొండకంటే ముందు ఒక్క ఎంట్రుక తెగకూడదు."

మొదట మాకు అది పెద్ద అడ్డంకి అనిపించింది. జుట్టు కత్తిరించకుండా జుట్టు కత్తిరించడం అలవాటు చేయడం ఎట్లా? తరవాత తెలిసింది, అంతకంటే మంచి షరతు ఇంకొకటి లేదు. తెగే పని లేదు కాబట్టి ఎవరికీ తొందర లేదు. నాలాంటి రెండు నిమిషాల మనుషులకు అది మంచి కళ్ళెం.

మా తలలు

ముందు మణి తల జోలికి ఎవరూ పోలేదు. వాడు గోడవారగా కుళాయి దగ్గర ఉంటాడు. చాప మధ్యలో ఖాసిం కూర్చుంటాడు, కోటయ్య మిషనుతో క్షవరం చేస్తాడు. అంతే. మొదటి వారం మణి వెనక్కి తిరిగి నిలబడ్డాడు. రెండో వారం సైకాలజిస్టు గారి వంతు. నాలుగో వారానికి మగవాళ్ళ జుట్టు అయిపోయింది. కింద మందుల కొట్టు అబ్బాయిని పిలుచుకొచ్చాం. అందరూ వరసగా నున్నగా తయారయ్యేసరికి సందులో వాళ్ళు, ఏంది సారూ, సెంటరంతా మొక్కుకున్నారా అని అడిగేవాళ్ళు.

శిరీష ఈ లోపల ఒక పని పెట్టుకుంది. మణికి ఒక్కటంటే ఒక్క సైగ నేర్పుతానంది. చెయ్యెత్తి అరచెయ్యి చూపిస్తే ఆగు అని అర్థం. అన్నిటికీ అదే. ఊయల ఊపుతుంటే అరచెయ్యి చూపిస్తే ఊయల ఆగిపోవాలి. నేను పాఠం చెబుతుంటే చూపిస్తే పాఠం ఆగాలి. వాడు చెయ్యెత్తిన మరుక్షణం, ఎవరు ఏం చేస్తున్నా సరే, ఆపేయాలి. ఎందుకని అడగకూడదు. అలాగే మేము చెయ్యెత్తితే వాడూ ఆపాలి.

మొదటి వారంలో వాడు రోజంతా చెయ్యెత్తాడు. నేను నోరు తెరిస్తే చాలు, గోడవార నుంచే చెయ్యి లేచేది. నేను నోరు మూసుకోవడం చూసి వాడు పడీపడీ నవ్వేవాడు. ఆ నవ్వు విని పున్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆడు నవ్వంగా నేను ఇని చానా దినాలైంది" అంది. నన్ను క్షమించడం ఆమె అప్పుడే మొదలుపెట్టిందని నా నమ్మకం.

అసలు కిటుకు కోటయ్య పట్టుకున్నాడు. మేమంతా మణికి మిషను చప్పుడు భయమనుకుని, ఆ చప్పుడు ఫోనులో రికార్డు చేసి కొంచెం కొంచెంగా వినిపిస్తున్నాం. ఆయన రెండు శనివారాలు చూసి అన్నాడు. "చప్పుడు గాదమ్మా. మెడ. ఖాసిం బాబు మెడ మీద ఎంట్రుకలు పడతంటే చూసి ఆ పిల్లోడు తన భుజాలు దులుపుకుంటన్నాడు. పొడి ఎంట్రుక గుచ్చుకుంటది. మిషను వొద్దు, కత్తే మేలు. తల బాగా తడిపితే ఎంట్రుక ముద్దగా వచ్చిద్ది, మెడ మీద రాలదు. ఆడికి నీళ్ళంటే ఇష్టమే గదా."

ఖాసిం నెత్తి కొట్టుకున్నాడు. స్పర్శ సంగతి అతని సబ్జెక్టు. నాలుగేళ్ళు చదివాడు.

ఇక నా సంగతి. మణి నా దగ్గరికి మాత్రం రావడం లేదు. కోటయ్య ఒకరోజు మొన లేని చిన్న కత్తెర వాడి చేతిలో పెట్టాడు. ఎవరి జుట్టు కావాలంటే వాళ్ళది తీసుకోమన్నాడు. వాడు చాప చుట్టూ తిరిగి వచ్చి నా వెనక ఆగాడు. నాకు నడుం దాకా జడ ఉండేది. చివర అంగుళం తీసుకోనీ అనుకుని సంతోషంగా కూర్చున్నాను. కత్తెర మెడ దగ్గర చల్లగా తగిలింది. వెంటనే చెయ్యెత్తాను. వాడు నా వెనక ఉన్నాడు, చెయ్యి ఎట్లా కనిపిస్తుంది? కరకరమని శబ్దం. జడ నా ఒళ్ళో పడింది.

చాప మీద అందరూ కొయ్యబారిపోయారు. మణి ముందుకు వచ్చి నా ఒళ్ళో జడను చూశాడు, నన్ను చూశాడు. అప్పటికి చాలా వారాల తరవాత నా కళ్ళలోకి చూశాడు. నాకు ఏడుపు రావాలి, నవ్వొచ్చింది. నా తరవాత డాక్టరమ్మ, ఆ తరవాత అందరూ నవ్వారు. మణి నా పక్కన కూర్చుని నా మొండి జుట్టును అరచేత్తో నిమిరాడు. అంతకంటే మంచి ప్రమోషను నాకు సర్వీసులో రాలేదు.

ఆ మర్నాడు బజార్లో, మొక్కా టీచరమ్మా అని అడిగినవాళ్ళందరికీ అవును మొక్కే అని చెప్పాను. పనికొచ్చే సంగతి కూడా ఒకటి తెలిసింది. ఆగమని చెప్పడం నేర్పితే సరిపోదు, చెప్పింది ఎదుటివాడికి కనపడాలి. ఆ తరవాత క్షవరం ఆట ఆడినప్పుడల్లా నాగమణి మణికి ఎదురుగా కూర్చునేది. ఆమె పని కొడుకు చెయ్యి చూడటం ఒక్కటే. వాడి తల తడిపి, కోటయ్య కత్తి మొండివైపుతో నిమిరేవాడు. మొదట ఒకసారి, తరవాత రెండు, తరవాత పది. చెయ్యి లేస్తే నాగమణి ఆగు అంటుంది, కోటయ్య ఆగిపోతాడు. వర్షాకాలం మొదట్లో మొదలుపెట్టిన ఆట చలికాలం దాకా సాగింది.

కొండ మీద

శివరాత్రి రోజుల్లో కోటప్పకొండ, ఊరూరి నుంచి ఎత్తుగా కట్టి తెచ్చే ప్రభల మైకులతో హోరెత్తిపోతుంది. అందుకని జనం పలచగా ఉండే రోజు, పొద్దున్నే వెళ్ళాం. సెంటరుకు ఆ పూట తాళం వేశాం. ఆరుగురం, మణి వాళ్ళ కుటుంబం. కొరికించుకున్న మేనమామ కూడా, ఆ చెయ్యి వెనక్కి పెట్టుకుని మరీ వచ్చాడు.

కోటయ్య మా చాపను కొండ మీదికి తెప్పించాడు. దాన్ని పరవగానే మణి వచ్చి కూర్చున్నాడు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుని మూడు కత్తెర్లు వేశాడు. పున్నమ్మ ఆ వెంట్రుకలు కొంగులో పట్టింది. కోటయ్య చెంబుతో నీళ్ళు పోశాడు. మణి కళ్ళు మూసుకుని, మొహం మీదుగా కారే నీళ్ళను నాలుకతో అందుకుంటున్నాడు. కత్తి కదిలింది. తడి జుట్టు ముద్దలు ముద్దలుగా జారింది. కుడివైపు నున్నగా బయటపడింది. ఇల్లు అలకగానే పండగ కాదని తెలిసీ నేను మనసులో పండగ చేసేసుకున్నాను.

సరిగ్గా సగానికి వచ్చాక మణి చెయ్యి లేచింది.

"ఆగు" అంది నాగమణి. కోటయ్య కత్తి గాలిలో ఆగిపోయింది. కింద పెట్టేశాడు. మణి మేనమామ ఒళ్ళోంచి లేచి, సగం గుండు, సగం జుట్టుతో వెళ్ళి కుళాయి కింద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

ఎదురుచూశాం. చాలాసేపు. పులిహోర తిన్నాం, వాడికీ పెట్టాం. వాడు చాప దగ్గరికి వచ్చి చూసి మళ్ళీ చెయ్యెత్తి వెళ్ళాడు. పక్కన మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన ఒక పెద్దమనిషి ఊరుకోలేకపోయాడు.

"సగం గుండు అరిష్టమయ్యా. పట్టుకుని గీకెయ్యండి, రెండు నిమిషాల పని."

అది మెట్ల మీద నేనన్న మాటే. మణి తండ్రి మేనమామ వైపు చూశాడు. మేనమామ తన చెయ్యి వైపు చూసుకున్నాడు. ఏడేళ్ళ మొక్కు సగంలో ఉంది. ఊరంతా అడుగుతుంది. అప్పుడు కనక వాళ్ళు పట్టుకుని ఉంటే మొక్కు పూర్తయ్యేది. మణి మాత్రం తన జీవితంలో నేర్చుకున్న మొదటి మాట ఉత్తదని అక్కడే తెలుసుకునేవాడు. ఇక ఎవరికీ చెయ్యెత్తి చూపించేవాడు కాదు. మాలో ఎవరమూ నోరెత్తలేదు. మొక్కు మాది కాదు.

పున్నమ్మ లేచింది. కొంగులో వెంట్రుకలు అట్లాగే పట్టుకుని ఆ పెద్దమనిషి ముందు నిలబడింది.

"మా వోడు ఆగమన్నాడయ్యా. ఆడికి నోరు లేదనుకున్నామా? ఆగమన్నాడు. ఆగుతాం. సగం సామిది, సగం ఆడిది. పిల్లోడు అడిగింది వింటే కోపమొచ్చే సామి అయితే, ఆయన సంగతి నేను చూసుకుంటాలే."

తరవాత గంధం గిన్నె పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్ళింది. మనవడికి చూపించింది. వాడు వేలు ముంచి, చల్లగా ఉందని తెలుసుకుని తల వంచాడు. ఆమె సగం గుండుకే గంధం పూసింది. అట్లాగే దర్శనం చేయించింది. అట్లాగే చెయ్యి పట్టుకుని, మెట్ల మీద, తల ఎత్తుకుని కొండ దింపింది. ఎదురొచ్చిన వాళ్ళంతా ఆగి చూస్తున్నారు. ఒక పక్క పచ్చగా గంధం, ఒక పక్క తడి జుట్టు, మధ్యలో మణి నవ్వు. మా వెనక కోటయ్య కత్తుల పెట్టెతో వస్తూ కళ్ళు తుడుచుకుంటున్నాడు. నేనైతే బాహాటంగానే ఏడ్చాను. అంత సంతోషం నాకు నా పిల్లల పెళ్ళిళ్ళప్పుడు కూడా కలగలేదు.

మిగతా సగం? ఆ తరవాతి శనివారం మణి మెట్లెక్కి వచ్చీ రాగానే చెంబు నింపుకుని, చాప మీద కోటయ్య ముందు కూర్చుని, ఆయన చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకున్నాడు. పావుగంటలో అయిపోయింది. ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు. పున్నమ్మ ఆ జుట్టు మూటగట్టి మర్నాడే కొండకు తీసుకెళ్ళి ఇచ్చింది. వర్షాకాలం వచ్చేసరికి మణి బడిలో మగపిల్లల వరసలో నిలబడ్డాడు. మాట మటుకు రాలేదు. ఆ సంగతి దాచను. రాసి చూపించడం వచ్చింది, బొమ్మలు తాకి అడగడం వచ్చింది. ఊళ్ళో ఇప్పుడు ఎవరూ స్వామి కోపం మాట ఎత్తడం లేదట, పున్నమ్మకు భయపడి.

మైకు

నేను రిటైరైన రోజు ఒక చిన్న హాలులో సభ పెట్టారు. శాలువాలు, దండలు, మైకు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నట్టు ఒకరి తరవాత ఒకరు మాట్లాడారు. చివర్న డాక్టరమ్మ లేచి, రెండు నిమిషాల్లో ముగిస్తానంది. పావుగంట గడిచింది. మా బృందం గురించి చెబుతోంది, నా త్యాగం గురించి చెబుతోంది. నేనేం త్యాగం చేశానో నాకే తెలియదు, జడ తప్ప.

మొదటి వరసలో పున్నమ్మ, నాగమణి, మధ్యలో మణి. కోటయ్య చేత్తో చేయించుకున్న నీటైన క్రాపు. వాడు మెల్లగా చెయ్యెత్తి అరచెయ్యి చూపించాడు.

డాక్టరమ్మ వాక్యం మధ్యలో ఆగిపోయింది. ఆ వాక్యానికి చివర ఏముండేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. మైకు కింద పెట్టింది. హాలులో కొత్తవాళ్ళు ఏమైందని చూస్తున్నారు. శిరీష, ఖాసిం, కోటయ్య, నేను కదలకుండా కూర్చున్నాం.

"ఆగమన్నాడు గదా" అంది పున్నమ్మ లేస్తూ. "ఇంక అన్నాలకు ఇస్తళ్ళు ఎయ్యండి. రెండు నిమిషాల టీచరమ్మా, నువ్వు నా పక్కన కూర్చో."

వెళ్ళి కూర్చున్నాను. నా రెండో పక్కన మణి చేరి, మళ్ళీ పెరగడం మొదలుపెట్టిన నా పిలకను ఒకసారి నిమిరి చూసి, మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు.